మాట అందించే మనిషి

గ్రిమ్స్‌బీలో మంగళవారాలు
చర్చి వెనక హాల్లో మా రిహార్సల్.
హీటరు ఒకటే. అది నటులవైపు తిరిగి ఉంటుంది.
నేను పక్కతెర చాటున, మడతకుర్చీలో,
ఒళ్లో స్క్రిప్టు, చేతిలో చిన్న టార్చి.
కనబడకపోవడం నా పని.
ఎవరైనా మాట మరిచిపోతే
ఊపిరికంటే కొంచెం గట్టిగా అందించాలి.
కాకినాడలో మా నాన్నా ఇదే చేసేవాడు,
పద్యం ఎత్తుకోలేక బిక్కచచ్చిన రాజులకు
మొదటి పాదం చెప్పి
చుట్ట వెలిగించుకునేవాడు.

ఈ నాటకం మొయిరా రాసింది.
మూడో అంకంలో ఎల్సీ
మంచాన పడ్డ తండ్రిని వదిలి వెళ్లిపోతుంది.
"నాన్నా, ఈ రాత్రికి నీ గ్లాసు నువ్వే నింపుకో"
అంటుంది. సంచి. తలుపు. చీకటి.
తండ్రి వేషం డెరిక్ అప్పుడు మంచం దిగి
నడుం పట్టేసిందని తిట్టుకుంటూ
పబ్బుకి నడిచిపోతాడు.

రాసినవాళ్లకి అక్కడితో అయిపోతుంది.
నాకే ప్రతి మంగళవారం
ఎనిమిదింటి మాత్ర ఎవరు వేస్తారని ఉంటుంది.
డైపరన్న మాట ఏ అంకంలోనూ లేదు.
ఎల్సీది తప్పని కాదు.
ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా
నా అరికాళ్లు దురదపెడతాయి,
దీని కాళ్లలో చక్రాలున్నాయే అనేది అమ్మ.
అబెర్డీన్ ఉద్యోగం కాగితం
ఫ్రిజ్ మీద, పీత బొమ్మ అయస్కాంతం కింద
పసుపెక్కుతోంది.

ఇంట్లో గవర్రాజన్నయ్య.
పదిహేడేళ్లు కాడ్ చేపల తలలు తీసిన చెయ్యి
దుప్పటి అంచు దొరక్క వెతుక్కుంటుంది.
తలలో నెత్తురు గడ్డకట్టి
ముందు ఇంగ్లీషు పోయింది, మొత్తంగా.
తెలుగు మిగిలింది, పగిలిన పలకలా.
స్పీచ్ థెరపీ అమ్మాయి మంచిదే.
కానీ వారమంతా కుస్తీపట్టి
"చెంచా" అని అన్నయ్య గెలిస్తే
ఆమె కాగితమ్మీద ఇంటూ పెట్టుకుంది.
ఈ ఊళ్లో ఆ మాటలకి
చెవి నాదొక్కటే.
జీతమిచ్చి పెట్టుకుందామన్నా దొరకని చెవి.

పోయిన మంగళవారం
హేజెల్ తలుపు దగ్గర ఆగిపోయింది.
సంచి భుజానే ఉంది, మాటే లేదు.
నా వైపు చూసింది.
టార్చి వెలుగులో వాక్యం వేలి కిందే ఉంది.
నోరు తెరిచాను.
తెలుగు వచ్చింది.
చివరి వరస కుర్చీలదాకా వచ్చింది.
ఎవరూ నవ్వలేదు.
డెరిక్ మాత్రం దిండుమీంచి తలెత్తి
"ఏమంది? నన్నే అన్నట్టుంది" అన్నాడు.

ఇల్లు చేరేసరికి పదిన్నర.
అప్పటిదాకా కాచుకున్న పక్కింటి పోలీన్
అల్లిక సంచి తీసుకుని వెళ్లిపోయింది.
కోటు విప్పలేదు నేను.
అన్నయ్య పెదాలు ఎండి ఉన్నాయి.
గ్లాసు వైపు చూశాడు, తర్వాత నా వైపు.
అందించకు, పది దాకా లెక్కపెట్టు, అంది ఆ అమ్మాయి.
పుట్టినప్పట్నుంచీ అందించిన నోటిని
మూసుకుని లెక్కపెట్టాను.
ఏడు దగ్గర గొంతు కదిలింది.
"వెళ్లు."

నీళ్లు అనబోయాడేమో.
తేడా ఒక్క అక్షరం.
మాట మొదలు జారిపోతుందని రిపోర్టులోనే ఉంది.
"నీళ్లా అన్నయ్యా?"
కళ్లు మూసుకున్నాడు.
అవుననీ కాదు, కాదనీ కాదు.

గ్లాసు సగం నింపి
తన వేళ్లు ఒక్కొక్కటే దాని చుట్టూ పెట్టాను.
కొంత తాగాడు. కొంత గడ్డమ్మీదికి కారింది.
వెంటనే తుడవలేదు.
ఇంకోసారి అంటాడేమోనని
కోటుతోనే, సంచితోనే
మంచం అంచున కూర్చున్నాను.

ఇలాంటిచోట స్క్రిప్టులో మొయిరా
"విరామం" అని రాస్తుంది.
ఎంతసేపో రాయదు.