ఏడూ యాభై, గేటు దగ్గర

రూబేలో వానకి వేళాపాళా ఉండదు.
ఏడూ యాభైకి గేటు తెరుస్తాను.
నా ఉద్యోగం తాళాలు, ఆలస్యం చీటీలు,
ఇంకా, తలలు.

రిహాబ్ రోజూ గీత దగ్గర ఆగుతుంది.
గీతంటే ఏమీ లేదు, సిమెంటు పలకల మధ్య సందు.
అటు వీధి, ఇటు గణతంత్రం.
గుండుసూదులు తీసి పళ్ళ మధ్య పట్టుకుంటుంది,
నాలుగు. ఎప్పుడూ నాలుగే.
తలగుడ్డ మడిచి లెక్కల పుస్తకం వెనక దోపుతుంది.
అణిగిన జుట్టు మీద చినుకులు.
గొడుగు పట్టమని నిబంధనల్లో లేదు.
వద్దనీ లేదు.

నిన్న బ్యాండు పెట్టుకొచ్చింది, నల్లది.
ప్రిన్సిపాల్ దెల్కూర్ గారు కిటికీలోంచి చూసి దిగొచ్చారు.
"వెడల్పెంతో చూడండి, తస్సాదిత్."
చేతికి స్కేలిచ్చారు, ఎవరో పిల్లాడిది, చివర కొరికి ఉంది.
ఏడు సెంటీమీటర్లు.
ఎన్నో సెంటీమీటరు దగ్గర దేవుడు మొదలవుతాడో
ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.

ఒకప్పుడిది ఉన్ని మిల్లుల ఊరు.
రిహాబ్ తాత నలభై ఏళ్ళ మరమగ్గాల మోతలో
రెండు చెవులూ పోగొట్టుకున్నాడు.
గుడ్డ నెయ్యడానికి పిలిచిన ఊరే
ఇప్పుడు గుడ్డ కొలుస్తోంది.

నా సంగతి వేరు.
తిజి ఊజూలో పంతులమ్మని.
తొంభై నాలుగులో తలుపు కింద నుంచి చీటీ వచ్చింది,
ముత్యాల్లాంటి దస్తూరీ:
తల కప్పుకో, లేదా బడి మానుకో.
నేను కప్పుకోలేదు.
పక్క క్లాసు టీచరూ కప్పుకోలేదు.
ఆమె పేరు ఇక్కడ రాయను.

అందుకే ఈ చట్టం వచ్చిన రోజు చప్పట్లు కొట్టాను.
దాచుకోను.
అరచేతుల్లో ఆ దురద ఇంకా పోలేదు.

మహిళా సంఘంలో ఒదీల్ అంటుంది, విముక్తి.
జొహ్రా అడుగుతుంది, ఎవరి నుంచి?
టీ చల్లారిపోతుంది.
రిహాబ్‌ని పిలుద్దామని ఎవరికీ తోచదు.
నాకూ తోచలేదు, మూడేళ్ళు.

ఇవాళ అడిగాను, స్కేలు జేబులోనే ఉంచి,
"ఇంట్లో బలవంతమా?"
నవ్వింది, సూదులు పళ్ళ మధ్యే.
"అమ్మ అసలు కట్టుకోదు, నన్నూ వద్దని పోరుతుంది.
అన్నయ్య స్నేహితులు ఇంకా కిందికి లాక్కోమంటారు.
మీరు తియ్యమంటారు.
నాకేమో ఇవాళ కెమిస్ట్రీ పరీక్ష, మేడం."

గంట మోగబోతోంది.
చెయ్యి చాచాను, ఎందుకో తెలీకుండానే.
నాలుగు సూదులూ అందులో పెట్టింది,
నోటి తడితో.
"నాలుగున్నరకి ఇవ్వండి," అంటూ పరిగెత్తింది.

తాళం తిప్పాలంటే పిడికిలి మూయాలి.
గేటు ఇంకా తెరిచే ఉంది.