ఒక పి తక్కువైంది

కిన్‌రస్క్ తీరంలో, పద్దెనిమిదో గుంత పక్కన,
పసుపు బోర్డు వెనక నిచ్చెన మీద
ఇరవై ఆరేళ్లుగా నా పని
పేర్లు ఎక్కించడం, పేర్లు దించడం.
జీతం: రోజుకి రెండు సాండ్‌విచ్‌లు, ఏడాదికో వానకోటు.

బ్రాంట్ హాలిస్టర్‌కి అక్షరాలు వెతకనక్కర్లేదు.
అతని పేరంతా ఒకే పలక, ముందే రాయించి పెట్టారు,
అంచులకు ఇత్తడి తాపడం కూడా.
పొద్దున్నే పై వరసలో తగిలించేసి
సాయంత్రం దాకా టీ తాగొచ్చు.
అతను టోపీ సర్దుకుంటే
పదివేల చేతులు టోపీలు తడుముకుంటాయి.
అతని బంతి గోర్స్ పొదలో పడితే
ముల్లు దిగేది అందరి అరికాళ్లలో.

ఆ ఆదివారం సముద్రం మీంచి పొగమంచు దిగింది.
మేం దాన్ని హార్ అంటాం. తడిగుడ్డ లాంటిది,
ముఖం తుడిచి ముక్కు కూడా మిగల్చదు.
అందులోంచి ఎవరో నడిచొస్తున్నాడని
రేడియో గరగరలాడింది:
"కార్పినెన్. ఫిన్లాండ్. హాలిస్టర్ కన్నా ఒకటి తక్కువ."

నిచ్చెన కింద ఐలీ, పద్నాలుగేళ్ల బడిపిల్ల,
పెట్టె బోర్లించింది.
"కె ఉంది, ఏ ఉంది, ఎన్‌లు రెండూ ఉన్నాయి.
పి ఒకటే ఉంది. ఇతనికి రెండు కావాలి."
ఇంకో పి ఐదో వరసలో పెంబర్టన్ దగ్గరుంది,
దించేద్దామంటే అతనింకా ఓడిపోలేదు.

ఈ ఆటలో ఒక దెబ్బ తక్కువైతే రాజు.
ఒక అక్షరం తక్కువైతే?

ఐలీ ఒక ఆర్ తీసింది.
దాని వాలుకాలి మీద పసుపు టేపు అంటించింది.
రెండు కాళ్ల ఆర్
ఒంటికాలి పి అయి నిలబడింది.

హాలిస్టర్ ఆఖరి బంతి
గుంత అంచు చుట్టూ తిరిగి, లోపలికి తొంగిచూసి,
వద్దులే అనుకుంది.
అప్పుడొచ్చిన నిట్టూర్పుకి
కొంగల్లా గొడుగులన్నీ ఒక్కసారి వంగాయి.
అరగంట ముందే ఆట ముగించుకున్న కార్పినెన్
గుడారంలో రొట్టె నములుతూ గెలిచాడు.
చప్పట్లు కొట్టారు, కొట్టలేదనను.
పిలవని చుట్టానికి వడ్డించినట్టు, మర్యాదగా.

కప్పు ఇచ్చారు.
నీటికోళ్ల గుడ్లలా సున్నాలు పేర్చిన చెక్కు ఇచ్చారు.
ఇక ఏ మేజర్ గేటు దగ్గరా
నువ్వెవరని అడగం అన్నారు.
అతను మాత్రం తిన్నగా మా బోర్డు దగ్గరికొచ్చి
తన పేరు కింద నిలబడి ఫొటో దిగాడు,
కొత్త ఇంటి ముందు నిలబడ్డట్టు.

తడికి టేపు ఊడిందని
మర్నాడు పేపర్లు చూస్తేగానీ తెలియలేదు.
కప్పు పట్టుకుని నవ్వుతున్నాడు మనిషి, తల మీద
నల్లగా, స్పష్టంగా: కార్ప్రినెన్.
ఎవరూ ఫిర్యాదు చేయలేదు.
అదే నాకు బాధేసింది.

మరుసటేడు అతనికీ పలక వచ్చింది, ఇత్తడి అంచుతో.
రెండు పి లూ అసలువే.
ఊరి మొదట్లో గడియారం పెట్టుకుని
రెండంతస్తుల ఎత్తున నిలబడ్డాడు ఆయన.
ఆయన గ్లవ్ కోసం పిల్లలు తాళ్లు దాటారు.
హాలిస్టర్ వెనక నడిచిన ఆడవాళ్లే
ఈసారి ఫిన్లాండ్ జెండా రంగు స్వెటర్లలో.
నేను గుర్తుపట్టాను, అదే గొడుగులు.

ఆయన చేతులు మాత్రం వణికాయి.
ఖాళీ మైదానంలో బాగా కొట్టేవి, అవే చేతులు.
శుక్రవారం సాయంత్రానికే ఇంటిదారి.

పలక దించాను.
అక్షరాలైతే ఒక్కొక్కటే దిగేవి,
దీనికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.
షెడ్డులో హాలిస్టర్ పలక పక్కన ఆనించాం,
ముఖాలు గోడవైపు.

ఇవాళ శనివారం. మళ్లీ పొగమంచు.
రేడియో ఏదో పేరు నములుతోంది, సగమే వినిపిస్తోంది,
నిండా జెడ్‌లే ఉన్నట్టున్నాయి.
ఐలీ పెట్టె బోర్లించింది.
అడుగున ఆ ఆర్ ఉంది,
కాలి మీద టేపు బంక ఇంకా వదల్లేదు.
"ఇది జెడ్ అవుతుందా?" అంది.
కాదు. కానీ దాన్ని మళ్లీ పెట్టెలో వేయకుండా
జేబులో పెట్టుకుంది.