పెన్సిలు రాత

జోంబా కొండ మీంచి పొగమంచు దిగితే
మా బైబిలు స్కూలు గేటు కనపడదు,
చేత్తో తడుముకోవాలి.

ప్రార్థనలో "తండ్రీ" అనే చోట
లింబానీకి గొంతులో వెలక్కాయ.
ఆ మాటకి వాడికి తెలిసిన అర్థం
తలుపు వెనక మేకుకి వేలాడే బెల్టు.
మేం పలికేవాళ్ళం. వాడు దాటేసేవాడు,
దారిలో గుంట దాటినట్టు.

చేపల సంత నుంచి ఆలస్యంగా వచ్చాం,
వాడూ నేనూ, నెలలో నాలుగోసారి.
వాచ్‌మన్ కుంజే లాంతరెత్తి మొహాలు చూశాడు,
రిజిస్టరులో మా గడులు నింపాడు.
ఇక రేపు పెట్టే బేడా సర్దుకోవడమే
అనుకుంటుంటే
"తిన్నారా?" అన్నాడు.
మూత తీస్తే మొక్కజొన్న ముద్ద,
ఇంకా వెచ్చగా.

తెల్లారి చూస్తే గడులు ఖాళీ.
పేజీ మడతలో రబ్బరు తుక్కు.
"పెన్సిలుతోనే రాయమన్నారు ప్రిన్సిపాలుగారు,
పొద్దున్నే ఆయనే చెరుపుతారు" అన్నాడు కుంజే,
గేటుకి నూనె రాస్తూ.

లింబానీ ఆ పేజీని ఎండకెత్తి పట్టుకున్నాడు.
నాలుగుసార్లు చెరిపిన చోట
కాగితం అరిగి, పలచబడి
వెలుగు ఇవతలికి వస్తోంది.

ఆ పూట ప్రార్థనలోనూ
వాడు ఆ మాట పలకలేదు.
దాటెయ్యనూ లేదు.
అక్కడే ఆగాడు.
మేమూ ఆగాం, వాడి కోసం.