రెండో గుండు

పలాస పాసింజరు దిగి
గోనెలో చుట్టిన రైఫిలు భుజాన వేసుకుని
గంటస్తంభం వెనకున్న నా కొట్టుకి
పదకొండు దాటాక వచ్చాడు తామాడ గున్నయ్య.
"మొదటిది పేల్తంది.
రెండోదానికి నోరు మూసుకుంటంది" అన్నాడు,
బడికి పోని మనవడి మీద పితూరీ చెప్పినట్టు.

ముందు లైసెన్సు పుస్తకం చూశాను.
నంబరు రిజిస్టరులో ఎక్కించాను.
మేగజీను లాగి, గది తెరిచి,
చిటికెనవేలు పెట్టి తడిమాను.
ఖాళీ అని కన్ను చెప్పినా
వేలు చెప్పేదాకా నమ్మకు:
మా నాన్న నాకు రాసిచ్చిన ఆస్తి ఇదొక్కటే.

పాతది. నాకంటే పదేళ్ళు పెద్దది.
ట్రిగ్గరు చుట్టూ ఉన్న కమ్మీకి
తీగతో కట్టిన అట్టముక్కలు నాలుగు,
ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పజెప్పిన గుర్తులు.
ఒక్కో ఎన్నికకీ ఒక్కో తుప్పు మచ్చ.
ఎవరు గెలిచారో తుప్పుకి పట్టలేదు.

బోల్టు రానంది.
చెక్కసుత్తితో బుజ్జగిస్తే
దేవుడి గదిలోంచి వచ్చినట్టు వచ్చింది:
పసుపు, గంధం, కుంకుమ,
ముదిరి జిగురైపోయిన కొబ్బరినూనె,
ఆ జిగురులో రెండు చీమలు, కొంచెం జీడిపొట్టు.

"పూజ ఎవరు చేస్తారు?"
"మా ఇంటిది. దసరా దసరాకీ.
నూనె కూడా అదే రాస్తాది, తలకి రాసినట్టు.
ఉద్దానంలో కొబ్బరినూనె రాయని వస్తువేటుందమ్మా?"

కిరసనాయిలు పళ్ళెంలో స్నానం.
ఇత్తడి బ్రష్షు నలభైసార్లు లోపలికెళ్ళి వచ్చింది.
గుడ్డపేలిక నల్లగా వచ్చింది, తర్వాత టీ రంగులో,
చివరికి వెళ్ళినంత తెల్లగా.
ఖాళీ తూటాని బయటికి లాగే గోరు అరిగింది;
సన్న ఆకురాయితో దానికి మళ్ళీ అంచు తెచ్చాను.
స్ప్రింగు తీసి కొత్తదాని పక్కన నిలబెట్టాను.
రెండు చుట్లు పొట్టి.
ముప్పై ఏళ్ళు అణిచి ఉంచితే ఎవరైనా అంతే.

"ఆఖరిసారి ఎక్కడ ఆగింది?"

గున్నయ్య చేతిలో టీ గ్లాసు తిప్పాడు.
"జీడితోటలో. పనసచెట్టు కాడ. ఎలుగు.
ఎనకాల పిల్లుంది, ముందు నాకు కానరాలేదు.
ఒకటి పైకి కాల్చినాను.
పారిపోద్దనుకుంటే లేచి నిలబడ్డాది, మనిషిలాగ.
రెండోది దాని గుండె మీదకి పెట్టి నొక్కినాను.
నొక్కతానే ఉన్నాను.
అది నన్ను చూసి, చూసి,
పిల్లని ఈపు మీదేసుకుని ఎల్లిపోనాది."

టీ తాగలేదు.

కొత్త స్ప్రింగు వేశాను.
ఉత్తుత్తి తూటాలు ఐదు నింపి లాగి వదిలాను.
ఒక్కొక్కటే ఎగిరి బల్ల మీద పడ్డాయి.
ప్రతిదానికీ గున్నయ్య కళ్ళు మూసుకున్నాడు.

"ఇప్పుడు రెండోది పేల్తాదా?"
"పేలుతుంది."
"మూడోది?"
"అదీ పేలుతుంది."
సంతోషిస్తాడనుకున్నాను.

నాలుగొందలు తీసుకుని సన్ననూనె సీసా ఇచ్చాను.
"పిన్నికి చెప్పు బాబాయ్,
బొట్టు కర్ర మీద పెట్టమను, ఇనుము మీద వద్దు.
ఈ నూనె రెండు చుక్కలు చాలు. తుడిచేశాక ఉన్నట్టు కనపడకూడదు."

తలూపి గోనె చుట్టాడు.
గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాడు.
"ఆ పాత స్ప్రింగు ఇటియ్యమ్మా."
"దేనికీ పనికిరాదు బాబాయ్."
"తెలుసు" అంటూ
చొక్కా జేబులో, రైలు టికెట్టు పక్కన వేసుకున్నాడు.

రిజిస్టరులో రాశాను:
పాత సామాను ఒకటి. పార్టీకి వాపసు.