తొంభై ఆరు

తార్తూలో ఫిబ్రవరి. కిటికీ కింద నది గడ్డకట్టి ఉంది.
యాభై మిల్లీలీటర్ల నీళ్లలో
యాభై ఆల్కహాల్ వంపి
హెల్దుర్ గీత దగ్గర కన్ను పెట్టాడు.
తొంభై ఆరు.
"మిగతా నాలుగూ ఎవరు తాగారు?"
నా వైపు చూశాడు, మొదటిరోజే.

నార్వా నుంచి వచ్చినదాన్ని.
నా ఎస్తోనియన్ మాటకి రష్యన్ గరుకు.

ఎవరూ తాగలేదు.
ఒకదాని సందులోకి ఒకటి
జరిగి కూర్చున్నాయి, అంతే.

పరారుణ కాంతిలో ఓ-హెచ్ శిఖరం
పక్కకి ఒరిగి, వెడల్పయింది.
చేయి ఎవరో పట్టుకుంటే
గొంతు కాస్త దిగినట్టు.

చిటికెడు రంగు వేశాం.
సీసాలో సగం నీళ్లు, సగం సారా.
రంగు మాత్రం లెక్కని మించి ఊదావైపే మొగ్గింది.
దానికి సీసా లెక్క పట్టదు,
తనని ఆనుకుని ఎవరున్నారో
అదొక్కటే చెబుతుంది.

క్యాంటీన్లో నలభైమంది.
నా బల్లకి మూడు ఖాళీ కుర్చీలు.
ఆ రోజుల్లో నన్ను యంత్రంలో పెడితే
ఏ రంగు చూపేదో.

ఏప్రిల్లో, మంచు పగిలిన వారం,
హెల్దుర్ సూపు గిన్నెతో వచ్చి
ఏమీ అడక్కుండా ఎదురుగా కూర్చున్నాడు.
రై రొట్టె విరిచి ఇటు తోశాడు.
సగమేనా?
నేను కొలవలేదు.