ఇరవై ఏడో మడి

గోజో దీవి ఉత్తరపు గట్టున
సున్నపురాతిలో మామగారు తొలిచిన ఉప్పుమడులు
ఇరవై ఆరు మావి.
ఇరవై ఏడోది ఎవరిదన్నదే తగాదా.
నా భర్త పోయిన వేసవిలో
మరిది విస్తిన్ దానిలో తన చీపురు పెట్టాడు.
ఆపైన పదకొండేళ్లు
ఒకే ఎండలో, ఒకరి నీడ ఒకరికి తగలకుండా నడిచాం.

రాత్రిళ్లు అతనితో వాదించేదాన్ని.
ప్రతి రాత్రీ నేనే గెలిచేదాన్ని.
తెల్లారేసరికి దవడలు నొప్పి.
డాక్టరు బిళ్లలిచ్చాడు, నిద్ర బిళ్లల్లో లేదు.

పాపసంకీర్తనంలో చెప్పుకుంటే
ఫాదర్ అనాక్లేట్ జపాలేవీ వెయ్యలేదు.
"రోజుకొక్కసారి, పేరు పెట్టి పలకరించు."
"మనసులో లేకుండానా?"
"మనసు వెనకాల వస్తుందమ్మా,
దానికి మోకాళ్ల నొప్పులు."

చిన్నప్పుడు సిస్టర్ బెనెడెట్టా
నాలుగు సుగుణాలు వల్లె వేయించేది.
వివేకం, న్యాయం, స్థైర్యం...
నాలుగోది జారిపోయేది నాకు.
బెత్తం పడిన వేలు గుర్తుంది,
మాట గుర్తు లేదు.

మొదటిరోజు "విస్తిన్" అన్నాను,
చేపముల్లు ఉమ్మినట్టు.
ఎవరు పోయారన్నట్టు చూశాడు.
రెండోవారం గాలిని సాయం తెచ్చుకున్నాను:
"విస్తిన్, వాయవ్యం తిరిగింది."
తలూపాడు. గాలికో, నాకో.

తపస్సుకాలం అయిపోయింది.
ఇక చాలని ఫాదర్ అనలేదు,
నేనూ అడగలేదు.
అరిచేతిలో కాయ కాసినట్టు
ఆ పేరు నాలుక మీద గట్టిపడింది,
నొప్పి మానేసింది.

జూలైలో ఒకరోజు
అతని కాలవ నీళ్లు నా ఆరో మడిలోకి పొర్లాయి.
నోటిదాకా వచ్చింది, పదకొండేళ్ల సరుకు.
చేతిలో గోకుడుపార ఉంది.
ఉప్పుని ముందే గోకితే బురద,
ఆలస్యం చేస్తే చేదు.
మధ్యలో ఒక్క పూట.
దాన్ని కన్ను పట్టలేదు, చెయ్యి పడుతుంది.
అప్పుడు గుర్తొచ్చింది సిస్టర్ నాలుగో మాట.
మితం.
పార కింద పెట్టి,
"విస్తిన్, కాలవ చూసుకో" అన్నాను.
అంతే అన్నాను.

నేను మంచిదాన్నయ్యానని కాదు.
అర్ధరాత్రి వాదన ఇప్పటికీ మొదలవుతుంది,
సగంలో నాకే ఆవలింత వస్తుంది.
ఇరవై ఏడో మడిని ఎవరూ గోకడం లేదు.
సముద్రపు కొంగలు అందులో
తెల్లగా అడుగులేస్తున్నాయి.

నిన్న జ్వరంతో, తల దించుకుని పోతూ
పలకరించడం మరిచాను.
వెనక నుంచి వినిపించింది:
"సల్వీనా, ఒంట్లో బాలేదా?"

ఇన్నేళ్లూ నా పేరు
ఎక్కడ దాచాడో మరి,
కాస్త ఉప్పగా ఉంది.