కణుపుతో తట్టి

ముందు తడతాను.
మధ్యవేలి కణుపుతో, తలుపు పొట్ట మీద.
ఖణేల్ మందా, రోగం అక్కడే.
అంచుల్లో రేకు మడత తిరిగి గట్టిపడుతుంది,
అది నోరు మెదపదు.
గోలంతా నడిమధ్య, ఓ అరచేతి మేర.

ఢిల్లేశు బొలెరో మా షెడ్డుకొచ్చేసరికి
రాయగడలో దీపాలు పెట్టేశారు.
వారానికి రెండుసార్లు ఆ బండి
పాణిగ్రాహి సబితా టీచర్ని
విశాఖ తీసుకెళ్ళి తెస్తుంది, రక్తం కడిగించడానికి.
"వెళ్ళేటప్పుడు కబుర్లే కబుర్లు బావా.
వచ్చేటప్పుడు మనిషుండదు, గుడ్డల మూటే.
పార్వతీపురం దాటేక కాస్త కన్ను మూసిందా,
నా డబ్బా తలుపులు లేపేస్తాయి."

చేతిలో నాలుగువేల ఐదొందలు పెట్టాడు.
అన్నీ వందలూ యాభైలూ.
లెక్కపెట్టలేదు, బరువు తెలిసింది.

తారు షీటు చవక.
మా మే నెలకి దానికి చెమట పడుతుంది,
జిగురు వదిలి కిందికి జారి
అద్దం గాడిలో కూర్చుంటుంది.
పైగా కొత్త రోడ్డేస్తున్న చోటి వాసన.
సూదులు తీసొచ్చిన మనిషి కడుపు
అది ఓర్చుకోదు.
స్పాంజి మెత్తన, నిజమే.
తలుపులో పెట్టామా, తొలకరంతా తాగేసి కక్కదు,
రేకుని లోపలినుంచి తినిపెడుతుంది.
గోనె ఫెల్టు పైకప్పుకి సరే, చినుకుని ఆపుతుంది,
తడి తగలకుంటే.

మిగిలింది బ్యూటైలు.
ముందు వెండి, వెనక నలుపు, ధర మంట.
అది చప్పుడు నోరు మూయదు.
రేకు వణుకుని తనలోకి తీసుకుని
నలిపి నలిపి గోరువెచ్చన చేసుకుంటుంది.
అంతా కప్పెయ్యమంటాడు ఢిల్లేశు.
అంతా కప్పితే డబ్బు పోతుంది, బరువు మిగులుతుంది.
పాతికవంతు చాలురా అన్నాను,
ఎక్కడన్నది తెలిస్తే.

జకసిక బిజయ్ థిన్నరుతో తుడిచాడు.
నేను వేడి గాలి పట్టాను.
రోలరుతో నొక్కుతూ పోయాం,
వెండి మీది గళ్ళన్నీ చదునయ్యేదాకా,
కింద నీళ్ళు పోయే కన్నాలు మాత్రం వదిలి.
మళ్ళీ తట్టాను.
ధప్.
చింతపండు బుట్టని తట్టినట్టు.

శనివారం పొద్దున్నే వచ్చాడు.
కళ్ళు మిరపపళ్ళు.
"టీచరు పడుకుంది బావా.
రాయగడ స్టేషను దాకా లేవలేదు."
మరేటి?
"నాకూ నిద్దరొచ్చీసింది.
కూనేరు మలుపు కాడ...
రోడ్డుండాల్సిన చోట
నాగావళి కనబడింది."

బిజయ్ రోలరు కింద పెట్టేశాడు.
టీ కుర్రాడు గ్లాసులకోసం వచ్చి నిలబడ్డాడు,
ఎవరూ తాగలేదు.

"నా వేపు తలుపుది పీకెయ్."

అంటించడం గంట, పీకడం పూట.
వేడి చూపిస్తే
పనస పాలలా సాగింది, వేళ్ళని పట్టుకుంది,
కిరసనాయిలుకీ లొంగలేదు.
చివరికి రేకు బయటపడింది, గీతలతో.
ఢిల్లేశు తనే వంగి
కణుపుతో తట్టాడు.
ఖణేల్.
"ఆఁ," అన్నాడు, చంటిదాని ఏడుపు విన్న తండ్రిలా.
వెనక తలుపులు రెండూ నిశ్శబ్దంగా మూసుకున్నాయి.

పీకిన ముక్క మళ్ళీ సరిగా అతకదు.
పారెయ్యబుద్ధి కాలేదు.
నా మంచం మీదుగా ఉన్న షెడ్డు రేకుకి
లోపలివేపు అదిమి పెట్టాను.

శుక్రవారం రాత్రి వాన పట్టింది.
రేకంతా మోగిపోతోంది,
నా తల మీద అరచేతి మేర తప్ప.
ఆ మేర వింటూ పడుకున్నాను.
రెండు దాటింది.
ఈపాటికి బొబ్బిలి దాటుంటారు.